ఆ 15 ఓట్ల సంగతి ఎవరడుగుతారు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈ నెల (2025 సెప్టెంబరు) 10వ తేదీ మీ పత్రిక చూసిన రోజే రాద్దామనుకున్నాను. చేలో పనుల వల్ల వీలుపడలేదు. రెండు వారాలైనా ఆ బాధ తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

9వ తేదీ సాయంత్రం ఉపరాష్ట్రపతి ఎన్నిక ఫలితం వచ్చింది. సి.పి. రాధాకృష్ణన్ గారికి 452 ఓట్లు, మన తెలుగువారు జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారికి 300. ఎవరు గెలిచారన్నది కాదు నా బాధ. పోలైన 767 ఓట్లలో 15 చెల్లలేదు. వేసినవాళ్లంతా పార్లమెంటు సభ్యులే. ఎన్నికల సంఘం ఇచ్చిన కలంతో ఇద్దరిలో ఒకరి పేరు ఎదురుగా 1 అని అంకె వెయ్యాలి, అంతే పని. సంతకం కూడా రాని మా అమ్మ పంచాయతీ ఎన్నికల్లో ముద్ర సరిగ్గా గుర్తు మీద పడిందో లేదో రెండుసార్లు చూసుకుని గానీ కాగితం మడిచేది కాదు. మన తరఫున ఢిల్లీ వెళ్లినవాళ్లు తెలియక పాడుచేశారా, కావాలని పాడుచేశారా? రహస్య ఓటు, ఫలానావారికే వెయ్యాలన్న పార్టీ ఆదేశం (విప్) లేదు, పేర్లు బయటికి రావు. అది నాకూ తెలుసు. ప్రశ్నైనా వెయ్యాలి కదండీ! మీ పత్రికలో ఆ 15 ఓట్లకి దక్కింది ఒకే ఒక్క వాక్యం.

అదే రాత్రి పదిన్నరకి కాలిఫోర్నియాలో ఐఫోన్ 17 విడుదల చేశారు. దానికి మొదటి పేజీలో రంగుల ఫొటో, లోపల అర పేజీ. ధర 82,900 నుంచి మొదలట, అందులో ఒక రకం 5.6 మిల్లీమీటర్ల మందమేనట. మర్నాటికల్లా మా ఊరి టీ కొట్టు దగ్గర కుర్రాళ్లకి ఆ 5.6 నోటికొచ్చేసింది. ఉపరాష్ట్రపతి ఎన్నిక మధ్యలో ఎందుకొచ్చిందిరా అంటే ఒక్కడూ చెప్పలేదు. జులై 21న అప్పటి ఉపరాష్ట్రపతి ధన్‌ఖడ్ గారు ఆరోగ్యం బాగోలేదని రాజీనామా చేశారని నేనే చెప్పాల్సి వచ్చింది. కుర్రాళ్లని తప్పుపట్టను. మీరు పెద్దక్షరాల్లో ఏది వేస్తే వాళ్లకి అదే పెద్ద సంగతి.

ఇంకో మాట. రాత్రి పదిన్నరకి మొదలైన కార్యక్రమం తెల్లారేసరికి మా లంకల్లోకొచ్చే పత్రికలో ఉంది. గోదారి పోటు మీదున్న రోజుల్లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రాత్రి నీటిమట్టం ఎంతో వెయ్యమంటే మాత్రం, ఏడు దాటితే ఎడిషన్‌కి అందదండీ అంటారు మీ విలేకరి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గొడ్లని ఎప్పుడు ఏటిగట్టు మీదకి తోలాలో, ధాన్యం ఎప్పుడు ఎత్తుకోవాలో మేము చూసుకునేది ఆ అంకెలే. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటి వచ్చిన నీళ్లు చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఫోన్ కోసం ఆగిన అచ్చు యంత్రం గోదారి కోసం ఎందుకు ఆగదు?

ఆ వారమే యూరియా కోసం సొసైటీ దగ్గర మూడు పూటలు లైన్లో నిలబడ్డాను. 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలు. డబ్బు, ఆధార్, పాసుపుస్తకం అన్నీ చేతిలో ఉన్నా చివరికి దొరికింది ఒక్క కట్ట. పిలకలు వేసేటప్పుడు అందాల్సిన ఎరువు ఆ తర్వాత ఎంత చల్లినా ఏం లాభం? లోడు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. 19వ తేదీన ముంబైలో ఆ ఫోన్ కోసం దుకాణం ముందు తోసుకున్నవాళ్ల ఫొటో వేశారు. మా లైన్ ఫొటో జిల్లా పేజీల్లో కూడా లేదు. ఎరువుల పేరుతో మీరు వేసిందల్లా ఈ పార్టీ వాళ్లు ఆ పార్టీ వాళ్లని, ఆ పార్టీ వాళ్లు ఈ పార్టీ వాళ్లని తిట్టుకున్న తిట్లే. రాజకీయ వార్తంటే తిట్లే అయినప్పుడు జనం ఫోన్ వార్త వైపు తిరగరా మరి!

ఫోన్ల గురించి రాయొద్దని నేననను. ఆ ఫోన్లు ఇప్పుడు తమిళనాడులో, కర్ణాటకలో తయారవుతున్నాయి. అక్కడ జీతాలెంత, మన ఐటీఐ పిల్లలు చేరడానికి దారేంటి, అవి రాయండి, చదువుతాం. కంపెనీ చెప్పుకున్న గొప్పలు అలాగే అచ్చువేస్తే అది ప్రకటన. దానికి డబ్బు తీసుకుని, ప్రకటన అని పైన రాయండి.

2011లో కోనసీమ రైతులం సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యకుండా పంట విరామం ప్రకటిస్తే ఎక్కడెక్కడి విలేకరులో మా గట్ల మీదకొచ్చారు. 14 ఏళ్లయింది. మురుగు కాలవల్లో గుర్రపుడెక్క కలుపు అలాగే ఉంది, అధికారులు మాత్రం మారుతున్నారు. మళ్లీ ఎవరూ వచ్చి చూడలేదు.

వరద ముప్పు ఇంకా పోలేదు. ధవళేశ్వరం నీటిమట్టం రోజూ మొదటి పేజీలో ఒక మూల వెయ్యండి. గోదావరి జిల్లాల ఎంపీలు ఒక్కొక్కరినీ "ఆ రోజు మీ ఓటు సరిగ్గా వేశారా?" అని అడిగి, వాళ్లు ఏం చెబితే అది వాళ్ల పేరుతోనే అచ్చువెయ్యండి.

ఇట్లు,
ఒక రైతు,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా