ఇంట్లో గుర్రం, రాయబారానికి గబ్బిలం

ఒరేయ్ శీనూ,

బళ్ళో పిల్లలు ‘మేక మేక’ అని ఏడిపిస్తున్నారని మీవాడు ఇంటిపేరు మార్చమంటున్నాడా? నిన్ను మాత్రం తక్కువ ఏడిపించామా! మాస్టారు హాజరు పిలవగానే వెనక బెంచీ నుంచి ‘మే...’ అని వినబడేది. ఆ బెంచీలో ఎవరు కూర్చునేవారో ఇప్పుడెందుకులే.

వాడికి జాషువా గారి సంగతి చెప్పు. 1895లో మన వినుకొండలో పుట్టిన మహాకవి, ఇంటిపేరు గుర్రం. కవుల్ని ఇంటిపేరుతో పిలవడం మనవాళ్ళకి సరదా కదా, విశ్వనాథ అంటాం, దేవులపల్లి అంటాం. ‘గుర్రం వారి పద్యం’ అన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, కాఫీ ఇప్పిస్తాను!

ఆయనేం తక్కువ తిన్నాడా? కాళిదాసు మేఘాన్ని పంపితే, ఇంటిపేరులోనే గుర్రం ఉన్న ఈయన 1941లో ‘గబ్బిలం’ కావ్యం రాసి గబ్బిలాన్ని రాయబారం పంపాడు. నవ్వులాటకి అంటున్నా గానీ, కిటుకంతా అక్కడే ఉందిరా. ఆ కావ్యంలో కథానాయకుణ్ణి అంటరానివాడని గుడిలోకి రానివ్వరు. గబ్బిలం మాత్రం దర్జాగా లోపలే వేలాడుతుంది. అందుకని దాన్ని బతిమాలతాడు: నువ్వు వేలాడేచోటికి శివుడి చెవి దగ్గర, పూజారి లేని వేళ చూసి నా బతుకు సంగతి చెప్పు అని. అదే గుర్రాన్ని పంపితే ధ్వజస్తంభం దాకా కూడా రానిచ్చేవారు కాదు. గిజిగాడి మీదా సాలీడు మీదా కూడా పద్యాలు రాశాడు. గుర్రం మీద మాత్రం నాకింతవరకూ కనబడలేదు.

మనవాళ్ళు ఇంటిపేరు అడిగేది ఎందుకో నీకు తెలియంది కాదు. పెళ్ళిభోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన ‘ఇంటిపేరేంటి బాబూ’ అని, చెప్పాక కూడా ఇంకా ఏదో లెక్క వేసుకుంటూ ఉంటాడు చూడు, అదే. జాషువాని సూటిగానే అడిగారట. తన కవిత్వానికి ‘భళీ భళీ’ అన్నవాడే ‘మీదే కులం’ అని అడిగి చివుక్కున లేచిపోతే బాకుతో పొడిచినట్టుంటుందని పద్యమే రాసుకున్నాడు. ఆయన కాలికే పెద్దకవి చెళ్లపిళ్ల వారు స్వయంగా గండపెండేరం, అదే కవులకి గౌరవంగా వేసే కడియం, తొడిగారు. పద్మభూషణ్ 1970లో గానీ రాలేదు.

మీవాడి చేత ‘గిజిగాడు’ కంఠతా పట్టించు. బళ్ళో గట్టిగా పాడాడంటే ఆ తర్వాత కనీసం ‘మేక కవిగారు’ అంటారు.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి వచ్చెయ్. ఎక్కడన్నా హరిశ్చంద్ర నాటకం వేస్తే కాటిసీను దాకా కూర్చుందాం. అందులో పాడే శ్మశానవాటి పద్యాలు జాషువావే. జనం మాత్రం నాటకం రాసిన బలిజేపల్లి వారివే అనుకుని వన్స్‌మోర్ కొడుతుంటారు.

నీ
రాంబాబు