గ్యాస్ ఒక్కటి మారిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

సూపర్ మార్కెట్లలో ఫ్రిజ్‌లు, కోల్డ్ రూములు బాగుచేయడం చాలా ఏళ్లుగా నా పని. కరెంటు బిల్లు పెరిగిందని యజమానులు పిలుస్తారు. వెళ్లి చూస్తే చాలాసార్లు ఎక్కడో చల్లబరిచే గ్యాస్ లీకవుతూ ఉంటుంది. గ్యాస్ తగ్గేకొద్దీ కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, సరుకు మాత్రం చల్లబడదు. చాలామంది లీకు వెతకనివ్వరు, గ్యాస్ నింపి వెళ్లిపొమ్మంటారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఇప్పటికీ చాలాచోట్ల ఉన్న ఆర్-404ఎ అనే చల్లబరిచే గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే, భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. దాని బదులు వాడగలిగే ప్రొపేన్‌కు ఆ లెక్క ఐదు లోపే, అమ్మోనియాకు సున్నా. ఆర్-404ఎ లాంటి హెచ్‌ఎఫ్‌సీ (హైడ్రోఫ్లోరోకార్బన్) గ్యాసులను క్రమంగా తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి కూడా.

ఫ్రిజ్‌లో ప్రొపేన్, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ లాంటి ప్రకృతిలో దొరికే గ్యాసులు అనగానే భయపడేవాళ్లున్నారు. ప్రొపేన్ మండుతుంది, నిజమే. కానీ చిన్న ఫ్రిజ్‌కు 150 గ్రాముల లోపే చాలు, పైగా దానితో కరెంటూ తక్కువే పడుతుంది. చల్లబరిచే గ్యాస్‌గా వాడే కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. 31 డిగ్రీలు దాటితే అది ఎంత ఒత్తిడి పెట్టినా ద్రవంగా మారదు. అందుకే ఎండ ఎక్కువ ఉన్నచోట ఆ మెషీన్లు కరెంటు ఎక్కువ తాగేవి. ఎజెక్టర్లు (గ్యాస్ ఒత్తిడినే వాడుకుని కంప్రెసర్ పని తగ్గించే భాగాలు), అదనపు కంప్రెసర్లు వచ్చాక ఆ తేడా బాగా తగ్గింది. ఆ మెషీన్ బయటికి వదిలే వేడితో నీళ్లూ కాచుకోవచ్చు.

అయితే ఎంత మంచి గ్యాస్ పోసినా, ముందు తలుపు లేని ఫ్రిజ్‌లో చల్లదనం నిలవదు. చల్లగాలి నేల మీదికి జారిపోతుంటే, బయటి వేడిగాలి లోపలికి చేరుతుంది. మెషీన్ పనిలో ఎక్కువ భాగం ఆ గాలిని చల్లబరచడానికే పోతుంది. అద్దాల తలుపు పెడితే అమ్మకాలు తగ్గుతాయని యజమానులకు టెన్షన్. తలుపు వెనక సరుకు చక్కగా కనిపిస్తూనే ఉంటుంది కదా! తలుపులు, శుభ్రమైన కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం), చెక్కుచెదరని గాస్కెట్లు (తలుపు అంచుల రబ్బరు పట్టీలు) ఉంటే చిన్న మెషీనే సరిపోతుంది, అందులో పట్టే గ్యాసూ తగ్గుతుంది.

కొత్త ఫ్రిజ్‌లకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తే తలుపులున్నవాటికే ఇవ్వాలి. అంతకంటే ముందు మెకానిక్‌లకు శిక్షణ, లీక్ డిటెక్టర్లు అందాలి. ప్రొపేన్ ఉన్న మెషీన్‌కు బ్రేజింగ్ (మంటతో గొట్టాలు అతికే పని) చేసే ముందు ఏం చేయాలో తెలియని కుర్రాడిని ఒంటరిగా పనికి పంపకండి.

ఇట్లు,
ఒక రిఫ్రిజిరేషన్ మెకానిక్