‘పిల్లి’ అంటే తప్పు కొట్టారు మా నాన్నకి

ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రిగారికి, పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

అయ్యా, జిల్లా అధికారులు జనం ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్‌లో మూడు సోమవారాలు నిలబడి మూడు అర్జీలు పెట్టాను. మూడింటికీ ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు. ఆ మర్యాదకేం లోటు లేదు.

మా నాన్నకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట ఒక్క పూటలో పోయాయి. కొమ్ము పని చేసిన చెయ్యి అది. పశువు కొమ్ముని కాచి వంచి కొంగ బొమ్మకి మెడ తీసేవాడు. ఇప్పుడు గ్లాసు పట్టలేడు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు, సర్కారు ఆరోగ్య కార్డు మీద పైసా అడగలేదు, వాళ్ళకి దండం. పదకొండో రోజు డిశ్చార్జి. మరి నడిపించేదెవరండీ అంటే, బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి ఇంట్లో చేయించుకోమన్నారు.

ఇంటికెళ్ళాక 15 రోజుల ఖర్చు దాకా కార్డు చూసుకుంటుందట. ఆ లెక్క పక్షవాతానికి ఎవరూ చెప్పినట్టు లేరు. మొదటి మూడు నెలలే కీలకం అని డాక్టరే అన్నాడు. ఆ మూడు నెలలూ మేం దూలానికి తాడు కట్టి నాన్న చెయ్యి పైకి లాగాం. అలా లాగకూడదట, భుజం జారింది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని తెలిసేసరికి నడుం కింద పుండు పడింది. అమ్మకిప్పుడు రాత్రి పగలు తేడా లేదు.

మాట సంగతి వినండి. అప్పు చేసి, బండి కట్టించుకుని దూరం తీసుకెళ్ళాం. అక్కడి స్పీచ్ థెరపీ అమ్మాయి మంచిదే. పిల్లి బొమ్మ చూపించి ఒడియాలో ఇదేమిటని అడిగింది. నాన్న పెదాలు వణికాయి, చెమట పట్టింది, చివరికి ‘పిల్లి’ అన్నాడు. నాలుగు నెలల్లో మేం విన్న మొదటి మాట! అమ్మ ఏడ్చేసింది. ఆ అమ్మాయికి మాత్రం ‘పిలా’ అని వినబడింది. ఒడియాలో పిల్లవాడు కదా. తప్పని గీత పెట్టింది. నాన్నకి ఒడియా గడగడా వచ్చేది, సంతలో బేరాలన్నీ అందులోనే. దెబ్బ తిన్నాక మిగిలింది మాత్రం అమ్మ నేర్పిన ముక్కలే.

లోపల ఉంచుకుని నేర్పించే చోటు కావాలంటే కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో పునరావాస ఆసుపత్రి ఉందన్నారు. పుండుతో ఉన్న మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్ళాలో అదీ చెప్పండి. నెలల తరబడి తోడు ఉండేవాళ్ళ కూలి ఎవరిస్తారో కూడా. రాష్ట్రం సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, ఇంకొంచెం పోతే శ్రీకాకుళం. అటు పోతే మీరు ఒడిశావాళ్ళంటారు. ఇటు అడిగితే మీది తెలుగు కదా అంటారు!

జిల్లా ఆసుపత్రిలో పక్షవాతం, వెన్నుపూస దెబ్బ తగిలినవాళ్ళ కోసం నాలుగు మంచాలు ఇప్పించండి. నెలా రెండు నెలలు ఉంచుకునేట్టు. ఒక ఫిజియో, చేత్తో రోజువారీ పనులు మళ్ళీ నేర్పే మనిషి, తెలుగు అర్థమయ్యే స్పీచ్ థెరపిస్టు. నాలుగు కాకపోతే రెండు. దయచేసి, అయ్యా, రెండైనా.

ఈసారి తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఒడియాలో రాసిన మూడింటికీ జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక కొమ్ము పనివాడి కొడుకు