డ్రాయింగ్ పీరియడ్‌కి ఒక మీటరు గుడ్డ ఇప్పించండి

సంపాదకులకు నమస్కారం.

సిలబస్ వెనకబడితే ముందు కోత పడేది డ్రాయింగ్ పీరియడ్‌కే. ఆ పీరియడ్ మిగిలిన బడుల్లోనూ చాలాచోట్ల పిల్లలు అచ్చువేసిన గీతల మధ్య రంగులు నింపుతుంటారు. రంగు గీత దాటకపోతే మెచ్చుకోలు, దాటితే మందలింపు. బొమ్మలు నేర్చుకుంటే ఏమొస్తుందని అడిగే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒకటే. చేతిలో ఉన్న వస్తువును పట్టి చూసి ‘ఇది ఇలా ఎందుకైంది?’ అని అడిగే గుణం బొమ్మ వేస్తున్నప్పుడు అలవడినంత బాగా మరెక్కడా అలవడదు. అందుకు మన ఇంటి ముంగిట ఉన్న పాఠం శ్రీకాళహస్తి కలంకారీ.

కలంకారీ అంటే వెదురు కలంతో రామాయణ, భారత కథలు గీయడమని చాలామంది అనుకుంటారు. గీయడం అందులో సగమే. తక్కిన సగమంతా గుడ్డకూ, కరక్కాయకూ, ఇనుముకూ, పటికకూ, నీళ్లకూ మధ్య నడిచే వ్యవహారం. అది తెలియనివాళ్లు ఎంత అందంగా గీసినా ఆ బొమ్మ మొదటి ఉతుకుకే చెదిరిపోతుంది.

ముతక నూలు గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఉతికి గంజి పోగొట్టాలి. 100 గ్రాముల గుడ్డకు 20 నుంచి 25 గ్రాముల కరక్కాయ పొడి, అర లీటరు నీళ్లు, 100 నుంచి 150 మిల్లీలీటర్ల కాచని గేదెపాలు సరిపోతాయి. అందులో గుడ్డ అంతా సమంగా తడిసేలా ముంచి, పిండి, ఎండలో పరిచి ఆరబెట్టాలి. తీగమీద వేలాడదీస్తే కరక్కాయ నీరు కింది అంచుకు దిగి అక్కడ పసుపు మరక కడుతుంది. పాలెందుకు? చెప్పొద్దు, చూపించండి. ఒక ముక్కను పాలు కలపకుండా ఒట్టి కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, రెండు ముక్కల మీదా ఒకే కలంతో ఒకే గీత గీయించండి. పాలు లేని ముక్కమీద గీత అంచులు పీచులు పీచులుగా పాకిపోతాయి. రంగును పాకనీయకుండా ఆపేది పాలలోని కొవ్వు. అందుకే వెన్న తీసిన పాలు ఈ పనికి రావు. అలాగని పాలు మరీ ఎక్కువైతే రంగు నూలులోకి దిగదు.

నలుపు కోసం కసిమి, అంటే ఇనుము కరిగిన పుల్లనీరు, కట్టాలి. కుండలో అరకిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, 100 గ్రాముల బెల్లం, లీటరున్నర నీళ్లు పోసి మూతికి గుడ్డ కట్టి వదిలేయాలి. పులిసేటప్పుడు గాలి పుడుతుంది కాబట్టి గట్టి మూత పెట్టకూడదు. బెల్లం పులిసి పుల్లనీరవుతుంది, ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. రెండు మూడు వారాలకు నీరు తయారవుతుంది. దాన్ని వడగట్టి, ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డమీద గీస్తే గీత కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని గుడ్డమీద ఆ నీరే తుప్పు మరకలా మిగులుతుంది. నలుపు కుండలో లేదు, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసినచోట పుడుతోంది. ఈ సంగతి కళ్లారా చూసిన పిల్లకు రసాయనశాస్త్రం మళ్లీ పరాయిది కాదు. కసిమి మరీ చిక్కనైతే గీత బాగా నల్లగా వస్తుంది గానీ కొన్నేళ్లకు ఆ గీత వెంబడే గుడ్డ చివికిపోతుంది. పాత వస్త్రాల్లో నలుపున్నచోటే ముందు చిరుగు పడటానికి కారణం ఇదే.

అసలు విచిత్రం ఎరుపు దగ్గర ఉంది. అక్కడ కలంతో పూసేది రంగు కాదు, పటిక నీళ్లు. ఎక్కడ పూశామో కనబడదు కాబట్టి అందులో చిటికెడు ఎర్రరంగు కలుపుకుంటారు. ఒక రోజైనా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, ఆ తర్వాత ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు వేసిన నీళ్లలో గుడ్డను ఉడకబెడతారు. పటిక పట్టినచోట ఎరుపు నిలుస్తుంది, తక్కినచోట అంటిన మరక తర్వాతి ఉతుకుల్లో పోతుంది. పారే నీళ్లే ఎందుకు కావాలి? బకెట్టులో జాడిస్తే ఊడిన పటిక ఆ నీళ్లలోనే తిరిగి పక్కచోట్ల అంటుకుంటుంది, ఉడకబెట్టాక అక్కడా ఎర్రటి మచ్చలు తేలతాయి. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరిగిందంటే అందులో గుడి ఎంతో, ఏరూ అంతే.

పసుపు, నీలం పనులు దీని తర్వాత వస్తాయి. బడిలో వాటి జోలికి పోనక్కర్లేదు.

ఒకప్పుడు ఈ ప్రశ్నలు అడగడానికి పరదేశీయులు సముద్రాలు దాటి వచ్చారు. మన తీరపు అద్దకం గుడ్డల ధాటికి సొంత నేతపని దెబ్బతింటోందని ఫ్రాన్సు వాటిని 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఆ నిషేధం నడుస్తుండగానే, 1730లలో, బోలియో అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకందారుల పక్కన నిలబడి పనంతా రాసుకున్నాడు. ఒక్కొక్క దశ కాగానే గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి దాచాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో ఉన్నాయి. 1742లో కర్దూ అనే జెసూట్ పాదిరి ఇదే పనిని ఉత్తరంగా రాసి పంపాడు. తెలుగు నేర్చి నిఘంటువు పనిలోనూ చెయ్యి పెట్టినవాడు ఆయన. వాళ్లు అడిగింది వ్యాపారం కోసమే, కాదనం. కానీ బోలియో పద్ధతి మాత్రం బంగారం లాంటిది, దాన్ని మన పిల్లలు మన పనిమీద వాడుకోవాలి.

మేము అడుగుతున్నది చిన్న కోరిక. ఏడు, ఎనిమిది తరగతుల్లో నలుగురైదుగురు పిల్లలకు కలిపి ఒక మీటరు గుడ్డ ఇవ్వండి. ఉతికాక ఒక ముక్క, కరక్కాయ పట్టాక ఒకటి, నలుపు గీశాక ఒకటి, పటిక పూశాక ఒకటి, ఉడకబెట్టాక ఒకటి కత్తిరించి నోటుబుక్కులో అంటించమనండి. పక్కన ఎంత పొడి, ఎన్ని నీళ్లు, ఎంతసేపు ఆరిందీ రాయమనండి. చెడిపోయిన ముక్కల్ని పారేయనివ్వకండి. ఏది పాకింది, ఏది మచ్చపడింది, ఎందుకు అన్నదానికే మార్కులు వేయండి. బొమ్మ వాళ్ల ఇష్టం: పెరట్లో కోడైనా సరే, బస్టాండైనా సరే. తాము కనిపెట్టిన నలుపుతో గీసేటప్పుడు కోడి కాలికి ఎన్ని వేళ్లో కూడా పిల్లలు వెళ్లి చూసి వస్తారు.

ఉడకబెట్టే పని మాత్రం టీచరు చేతిమీదుగానే జరగాలి. గుడ్డను కర్రతో తిప్పుతూ ఉండాలి, మడతపడి అడుగున కూర్చుంటే మడత వెంట చారలొస్తాయి. కసిమికి మూడు వారాలు కావాలి కాబట్టి కుండ ముందే పెట్టి ఉంచాలి. ముసురు పట్టిన వారంలో గుడ్డ పని మొదలుపెట్టొద్దు. నెమ్మదిగా ఆరితే పాలు పులిసి గుడ్డ వాసన కొడుతుంది.

ఇట్లు,
కలంకారీ పనివారు, డ్రాయింగ్ టీచర్లు కొందరు,
శ్రీకాళహస్తి