వృద్ధాశ్రమానికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్లో ఇష్టమున్నవాళ్లు ఈ టర్మ్ నుంచి వారానికి ఒక సాయంత్రం, ఒక గంటసేపు, వృద్ధాశ్రమంలోని పెద్దవాళ్లతో గడుపుతారు. మీ అంగీకారం కోసం పిల్లల చేతికి ఒక ఫారం ఇచ్చాం. సంతకం పెట్టేముందు ఈ ఉత్తరం చదవండి. మేం అడుగుతున్నది మీరు అనుకుంటున్న దానికంటే కొంచెం ఎక్కువే.

వృద్ధాశ్రమం అనగానే చాలామందికి ఒక్కరోజు కార్యక్రమం గుర్తొస్తుంది. బస్సు దిగడం, కానుకలు పంచడం, రెండు పాటలు పాడడం, గ్రూప్ ఫొటో, మళ్లీ బస్సెక్కడం. అది మాకొద్దు. ఒక్కో పిల్లకు లేదా పిల్లాడికి ఒక్కరే పెద్దమనిషి. టర్మ్ అంతా వారంలో అదే రోజు, అదే సమయం, అదే మనిషి. మొదటి రెండు మూడు వారాలు ఇద్దరికీ మొహమాటంగానే గడుస్తాయి, ఏం మాట్లాడాలో తెలియదు. పిల్లలు ఇంటికొచ్చి 'బోర్ కొట్టింది' అంటారు. అననివ్వండి. అప్పుడే మానిపించకండి.

ఇంకో మాట. 'వచ్చే వారం వస్తాను' అని పిల్ల చెప్పి వచ్చిందంటే అక్కడ ఒకరు ఆ రోజు కోసం చూస్తూ ఉంటారు. ట్యూషన్ ఉందనో, చుట్టాలొచ్చారనో చివరి నిమిషంలో మానేస్తే ఆ గంట వాళ్లకు మామూలు గంటలా గడవదు. పరీక్షల వారాల్లో ఎలాగూ ఆపుతాం, ఆ సంగతి పెద్దవాళ్లకు ముందే చెబుతాం. టర్మ్ పొడవునా పంపడం కుదరదనుకుంటే ఇప్పుడే వద్దని రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆశ్రమంలో చుట్టూ మనుషులుంటారు కదా, ఒంటరితనం ఏమిటని కొందరు అడిగారు. పెద్ద వయసువాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరు సామాజికంగా ఒంటరిగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆశ్రమంలో మనుషులకు కొదవ లేదు, నిజమే. కానీ అక్కడ రోజంతా వినిపించేవి ఎక్కువగా పని మాటలు: తిన్నారా, మాత్ర వేసుకున్నారా, చెయ్యి చాపండి, బీపీ చూడాలి. సిబ్బందిని తప్పుపట్టడానికేమీ లేదు, వాళ్లకు ఊపిరి సలపని పని. ఏ పనీ లేకుండా పక్కన వచ్చి కూర్చునే మనిషే అక్కడ కరువు. నెదర్లాండ్స్‌లోని దేవెంతర్ పట్టణంలో హ్యుమానిటస్ అనే వృద్ధాశ్రమం ఉంది. అక్కడ కాలేజీ విద్యార్థులకు అద్దె లేకుండా గదులిస్తారు. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు మంచి ఇరుగుపొరుగులా మెలగాలి. సేవ చేయమనడం లేదు చూడండి, ఇరుగుపొరుగులా ఉండమంటున్నారు. మన పిల్లల దగ్గరా మేం ఆశించేది అంతే.

వెళ్లేముందు పిల్లలకు కొన్ని విషయాలు నేర్పుతున్నాం, ఇంట్లో మీరూ గుర్తుచేయండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది సన్నని, తీక్షణమైన శబ్దాలు. అందువల్ల మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏ మాటో పోల్చుకోలేరు. గట్టిగా అరిస్తే గొంతు ఇంకా కీచుగా మారి మరీ అర్థం కాదు. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, నిదానంగా మాట్లాడాలి. టీవీ మోగుతుంటే అడిగి ఆపాలి.

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు ఉన్నవాళ్ల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. పొద్దున జరిగింది మరిచిపోయినా, చిన్ననాటి, యౌవనపు సంగతులు చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి 'నేనెవరో గుర్తున్నానా?' అని పరీక్ష పెట్టకూడదు. వెళ్లగానే తన పేరు తానే చెప్పుకోవాలి. 'మీ మొదటి ఉద్యోగం ఏమిటి, బడికి ఎలా వెళ్లేవారు' అంటే చాలు, మాట దానంతటదే సాగుతుంది. చెప్పిందే మళ్లీ చెబితే మళ్లీ వినాలి. తారీఖు తప్పు చెప్పారని దిద్దాల్సిన పని లేదు.

అడగకూడని ప్రశ్న ఒకటుంది: 'మీ పిల్లలు మిమ్మల్ని ఇక్కడెందుకు వదిలేశారు?' ఇది పిల్లలకు తోచే ప్రశ్న కాదు, పెద్దవాళ్లమైన మన మాటల్లోంచి పట్టుకునేదే. రాత్రీ పగలూ నర్సు సాయం అవసరమైనవాళ్లుంటారు, తోడు కావాలని తమంతట తామే వచ్చినవాళ్లుంటారు, నిజంగానే గాయపడి వచ్చినవాళ్లూ ఉంటారు. ఎవరి కథ ఏమిటో మనకు తెలియదు. దయచేసి భోజనాల దగ్గర ఈ తీర్పులు వద్దు. 'రేపు మిమ్మల్నీ అక్కడికి పంపాలా?' అని మీ పిల్లలు మిమ్మల్నే అడగవచ్చు. జవాబు మీరే చెప్పుకోవాలి, స్కూలు తరఫున మా దగ్గర లేదు!

జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా ఆ వారం పంపకండి. పిల్లల్లో నాలుగు రోజుల్లో తగ్గిపోయే ఫ్లూ ఆ వయసులో న్యుమోనియాగా ముదరవచ్చు. అలా వెళ్లలేని రోజు పిల్ల తన పెద్దమనిషితో ఫోన్లో మాట్లాడేలా మేం చూస్తాం. ఫొటోలు తీయనివ్వం. సర్టిఫికెట్, మార్కులు లేవు. వాటికోసం వచ్చే పిల్లలు గడియారం చూస్తూ కూర్చుంటారని నా అభిప్రాయం.

చివరిగా, చెప్పడానికి ఇబ్బందైనా ముందే చెప్పాల్సిన విషయం. టర్మ్ మధ్యలో ఆ పెద్దాయనో పెద్దావిడో చనిపోవచ్చు. అలా జరిగితే ముందు మీకు ఫోన్ చేస్తాం, తరువాత మీరున్నప్పుడే పిల్లకు చెబుతాం. 'ఊరెళ్లారు' లాంటి అబద్ధాలు చెప్పం. ఆ తరువాత కొనసాగాలా, ఆగాలా అన్నది పిల్ల ఇష్టం. ఇది మీ బిడ్డకు భారమవుతుందనిపిస్తే ఫారం నింపకముందే వచ్చి నన్ను కలవండి. స్కూలు వదిలాక ఒక అరగంట నా గదిలోనే ఉంటాను.

ఫారాలు శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు చేరాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు