మన సెనేట్ డిస్ట్రిక్ట్ ఏది?
రిచ్‌మండ్ గ్రూపులో అందరికీ నమస్కారం. వర్జీనియా రాష్ట్ర సెనేట్‌లో గజాలా హష్మీ గారిది 10వ డిస్ట్రిక్టా, 15వదా అని నిన్న ఇక్కడ పెద్ద చర్చే నడిచింది. రెండూ కరెక్టే. హైదరాబాద్‌లో పుట్టిన ఆవిడ 2019లో అప్పటి సెనేటర్ గ్లెన్ స్టర్టెవంట్‌ను ఓడించి 10వ డిస్ట్రిక్ట్ నుంచి వర్జీనియా సెనేట్‌కి వెళ్లారు. తర్వాత హద్దులు మార్చి గీశారు, 2023లో 15 నుంచి గెలిచారు. 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా నెగ్గారు. ఆ పదవిలో ఉన్నవాళ్లే సభను నడుపుతారు, ఓట్లు సమానమైతే తేలుస్తారు.

మొత్తం 40 సీట్లకూ మళ్లీ ఎన్నికలు 2027లో. బేసి సంవత్సరం కదా, మనవాళ్లు సగం మంది మర్చిపోతారు! జిప్ కోడ్ చూసి డిస్ట్రిక్ట్ ఊహించుకోకండి, ఒకే జిప్‌లో రెండు ఉండొచ్చు. రాష్ట్ర ఎన్నికల శాఖ సైట్‌లో ఇంటి అడ్రస్ కొట్టి చూసుకోండి. ఇల్లు మారినవాళ్లు ముందు ఓటరు రిజిస్ట్రేషన్‌లో అడ్రస్ మార్చుకోండి.