గిడుగు వారి ఊళ్లో పిల్లల సంగీత నాటకం

సంపాదకులకు నమస్కారం.

గిడుగు రామమూర్తి గారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మా పర్లాకిమిడిలోనే. ఆయన సవర గిరిజనుల మాట నేర్చుకున్న కథను మా ఉన్నత పాఠశాల పిల్లలు సంగీత నాటకంగా ఆడారు. హార్మోనియం నేను వాయించాను.

అన్నిటికన్నా శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయి, కుదర్చడమే కష్టమైంది. ఆడపిల్లలకు ఐదో శ్రుతి హాయిగా ఉంది. తొమ్మిదో తరగతి మగపిల్లలకు అంతకన్నా కిందిదైన ఒకటో శ్రుతి కూడా నిలవలేదు. గొంతు మారే వయసు అది. ఆ సమయంలో పై స్థాయి పట్టుబట్టి పాడించడం తప్పని నా గట్టి అభిప్రాయం. అందుకే వారికి వచనం ఇచ్చి, పాటలు బృందానికి అప్పగించాం.

లెక్కల మాస్టారు తెర లాగారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ సవర పాట నేర్పింది. బజారు దర్జీ కోట్లు కుట్టి కూలి వద్దన్నాడు. ఒడియా పిల్లలైతే తెలుగు పాటలను తమ లిపిలో రాసుకుని, మా పిల్లలకన్నా ముందే కంఠస్థం చేశారు! ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇంత చేసిన పాఠశాలలో సంగీతం చెప్పే ఉపాధ్యాయుడు లేరు. తబలా కూడా భజన బృందం దగ్గర అడిగి తెచ్చిందే. సరిహద్దు పాఠశాలలకు సంగీత ఉపాధ్యాయులను అధికారులు వెంటనే నియమించాలి. ఆంధ్రలోని సాహిత్య సంఘాలకూ ఒక మనవి: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా పిల్లలను పిలవండి. పాతపట్నం మాకు పొరుగే. బస్సు ఖర్చులు ఇస్తే చాలు, నాటకం సిద్ధంగా ఉంది.

— ఒక హార్మోనియం కళాకారుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా